‘అన్నది’ దీక్ష

మార్చి 10, సోమవారం

ఉదయం 5.30. పూజ అయింది. పాలు పొయ్యి మీద ఉన్నాయి.

ఈరోజు నుంచి దీక్ష. నలభై ఒక్క రోజులు. మాల లేదు, నల్లబట్టలు లేవు. నోటికి మాత్రమే.

నిన్న మా చెల్లెలి కూతురు త్రివేణి వచ్చింది. ఇంగ్లీషు పేపర్లో ఉద్యోగం. రిపోర్టర్లు పంపిన వార్తలు దిద్దడం దాని పని. అన్నం తింటూ కూడా ల్యాప్‌టాప్ తెరిచిపెట్టుకుంది. వరుసగా మాటలు కొట్టేస్తోంది. కొట్టేసిన ప్రతిచోటా ఒకటే పెడుతోంది. సెడ్. సెడ్. సెడ్. పదో తరగతిలో మా టీచర్ వల్లె వేయించిన సే, సెడ్, సెడ్ నాకింకా గుర్తే. ఒకే మాట ఇన్నిసార్లు రాస్తే జీతం ఇస్తారా అని అడిగాను.

అది విడమరిచి చెప్పింది. ‘ఒప్పుకున్నాడు’ అని రాస్తే వాడు తప్పు చేసినట్టేనట. ‘చెప్పుకున్నాడు’ అంటే అబద్ధం ఆడినట్టు. ‘గుర్తుచేశాడు’ అంటే అది నిజమేనని మనం సంతకం పెట్టినట్టు. ఒక్క సెడ్, అంటే మన ‘అన్నాడు’, మాత్రం ఎటూ మొగ్గదట.

“లోపల ఏమనుకున్నడో మనకు తెల్వది పెద్దమ్మా. నోట్లకెల్లి ఏమొచ్చిందో గదే తెలుసు.”

పప్పన్నం ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.

ఎందుకో రాస్తాను. దేవుడికి ఎలాగూ తెలుసు.

నాచారంలో మా కాలనీ పారాయణ మండలి. పదకొండు మందిమి. ప్రతి శుక్రవారం ఒకరి ఇంట్లో. ముందు కూర్చుని చదివించేది భాగ్యశ్రీగారు. ఏలూరు వైపు వాళ్లు, భర్త ప్రభుత్వ ల్యాబ్‌లో చేసి రిటైరయ్యారు. నైవేద్యం రాజేశ్వరమ్మక్కది. మా జనగామ వైపు మనిషి. ఇద్దరిదీ పద్దెనిమిదేళ్ల స్నేహం. రానివాళ్ల ఇంటికి ప్రసాదం గిన్నె తీసుకెళ్లేది నేను. గిన్నె ఒక్కటే పోదు కదా. మాట కూడా పోతుంది.

ఫిబ్రవరి ఆఖరి శుక్రవారం రాజేశ్వరమ్మక్క పులిహోర పంపి తను రాలేదు. ఈసారి పులుపు కాస్త ముందుకొచ్చిందని భాగ్యశ్రీగారు అన్నారు. వెక్కిరించిందని నేను చేరవేశాను. ఆమె చదివే స్పీడుకు దేవుడు కూడా ఉరకాలని రాజేశ్వరమ్మక్క అన్నది. దెప్పిపొడిచిందని తిరిగి తెచ్చాను. అంతే. ఇప్పుడు ఒకరు కూర్చున్న చాప మీద ఇంకొకరు కూర్చోరు.

ఏప్రిల్ 6 శ్రీరామనవమి. గుడిలో కల్యాణానికి ముందు ప్రతి ఏడాదీ మా మండలి పారాయణం. ఆ ఇద్దరూ కలవకపోతే చదివించేవాళ్లు లేరు, నైవేద్యం లేదు, మండలే లేదు. ఆ సమయం మీద కాప్రా కోలాటం బృందం ఎప్పటి నుంచో కన్నేసింది.

వెక్కిరించలేదు. దెప్పలేదు. ఇద్దరూ అన్నారు. మిగతాది నాది. ఈ సంగతి ఎవరికీ తెలియదు. నా గొంతు మెత్తన కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు.

నియమాలు:
1. ఎవరి మాట మోసినా ‘అన్నది’ తప్ప వేరే మాట లేదు.
2. కనుబొమ్మలు ఎగరేయకూడదు. మూతి తిప్పకూడదు.
3. తప్పితే గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు.

పాలు పొంగాయి. శుభం.

మార్చి 11, మంగళవారం. రెండో రోజు

ఉ. 7.00. టీ తాగుతూ మా ఆయన వీధిలో గొడవేంటని అడిగాడు. ఆయన పేరు బుచ్చిరాములు, ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్. చెప్పాను. టమాటాలు మెత్తగా ఉన్నాయని పై ఇంటావిడ అన్నది. చూసి తీసుకొమ్మని బండి తిరుపతి అన్నాడు. చూసే తీసుకున్నానని ఆవిడ అన్నది.

తర్వాత అని ఆయన అడిగాడు. అంతే అన్నాను. నా ముచ్చట నీళ్ల టీ లాగుందని పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

మనసు తోమిన ఇత్తడి చెంబులా ఉంది!

మార్చి 12, బుధవారం. మూడో రోజు

ఇంట్లో అందరికీ నియమం వర్తింపజేశాను. కోడలు దీప ఉప్పల్ మెట్రో దగ్గర రక్తపరీక్షల సెంటర్లో రిసెప్షన్లో కూర్చుంటుంది. రిపోర్టు ఆలస్యమైందని ఒకాయన మీద పడి అరిచాడని చెప్పబోయింది. అన్నాడు అనమ్మా అన్నాను. ‘అన్నడు’ అంది. మంచి పిల్ల. చెప్పింది చెప్పినట్టు పట్టుకుంటుంది.

తప్పులు: సున్నా. ఇన్ని రోజులు ఇంత తేలికైన పుణ్యాన్ని ఎలా వదిలేశానో.

మార్చి 14, శుక్రవారం. అయిదో రోజు

హోలీ. నా తెల్లచీర గులాబీ రంగుకొచ్చింది. పోనీ.

సా. 5.00. భాగ్యశ్రీగారి ఇంట్లో పారాయణం. రాజేశ్వరమ్మక్క రాలేదు. ఎప్పుడూ ఆమె కూర్చునే చోటు ఖాళీ. భాగ్యశ్రీగారు గిన్నె సర్దుతూ అటే చూశారు.

“ఆవిడ లేకపోతే గదిలో ఎంత చోటుందో చూశారా శ్యామలగారూ” అన్నారు. కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

సా. 6.30. రాజేశ్వరమ్మక్క ఇల్లు. గిన్నె ఇవ్వకముందే ఏమన్నదని అడిగింది. ‘ఆమె లేకపోతె గదిల ఎంత చోటుందో చూసిన్రా’ అని అన్నదని చెప్పాను. కనుబొమ్మలు కదల్లేదు. మూతి కదల్లేదు. కొంగు సంగతి చెప్పలేదు. అది నియమాల్లో లేదు.

రాజేశ్వరమ్మక్క కాస్త విశాలమైన మనిషి. గిన్నె మూత కూడా తీయలేదు.

“నా లావు మీద మాట్లాడెటంత అయిందా ఆమె?”

సా. 7.15. ఒక్క మాట కలపలేదు. ఒక్క నియమం తప్పలేదు. పని మాత్రం ముందుకంటే శుభ్రంగా చెడింది.

మార్చి 17, సోమవారం. ఎనిమిదో రోజు

త్రివేణికి ఫోన్ చేశాను. కళ్లు ఒత్తుకుంటే అదీ రాయాలట. చూసింది రాయొచ్చు, ఊహించింది రాయకూడదు. ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదా.

వెంటనే చెప్పులేసుకుని రాజేశ్వరమ్మక్క దగ్గరికి వెళ్లాను. ఆ రోజు భాగ్యశ్రీగారి కళ్లలో నీళ్లు చూశానన్నాను. ఉల్లిగడ్డ కోసి ఉంటదని అన్నది. పారాయణం రోజు ఉల్లిగడ్డ ఎవరు కోస్తారు? అడిగేలోపే తలుపు మూసుకుంది.

నియమం 4: కళ్లతో చూసింది చెప్పవచ్చు.

మార్చి 18, మంగళవారం

నాలుగో నియమం చాలా బాగుంది.

ఈరోజు నేను చూసినవి: మాట్లాడుతున్నప్పుడు పై ఇంటావిడ ముక్కుపుటాలు అదరడం. తిరుపతి తక్కెడ దబ్బున పెట్టడం. ఎదురింటి కోడలు తలుపు సందులోంచి అంతా వినడం. అన్నీ ఆయనకు చెప్పాను. పేపరు దించాడు.

కంటి ముందు జరిగినవే. ఊహ ఒక్కటీ లేదు. ముక్కుపుటాల విషయంలో కొద్దిగా.

మార్చి 19, బుధవారం

ఉ. 9.00. త్రివేణి వాళ్ల పేపరు కొని తెచ్చాను. ఫోన్లో డిక్షనరీ పెట్టుకుని చూశాను. ఒక్క పేజీలో నాలుగు స్లామ్‌లు! ఒక నాయకుడు ఇంకొకాయన్ని స్లామ్ చేశాడు. ఒక సంఘం అధికారులను స్లామ్ చేసింది. స్లామ్ అంటే తలుపు ధడాలున వేయడమని ఉంది. ఎవరి తలుపు?

ఫోన్ చేసి నిలదీశాను. అంటే మెత్తగానే. సెడ్ తప్ప వేరే రాయకూడదన్నావు, ఇదేంటే అని.

అది హెడ్‌లైన్ అట. అక్కడ చోటు తక్కువ, చదివేవాడు ఆగాలి, అందుకని పైన అలా వేస్తారట. కింద వార్తలో చూడమంది. చూశాను. నిజమే. పైన స్లామ్స్, కింద బుద్ధిగా సెడ్. బయట కోపంగా ఉన్న పెద్దమనిషి ఇంట్లోకెళ్లి కాళ్లు కడుక్కున్నట్టు.

పేపరువాళ్లకే లేని నిష్ఠ నాకెందుకు?

నియమం 5: రోజుకు ఒక్క హెడ్‌లైన్ చెల్లుతుంది.

మార్చి 21, శుక్రవారం

సా. 5.00. పారాయణం రాజేశ్వరమ్మక్క ఇంట్లో. ఈసారి భాగ్యశ్రీగారు రాలేదు. చదివించే పని నామీద పడింది. వెనక వరుసకు నా గొంతు వినపడలేదు. గంటలో అయ్యేది రెండు గంటలు పట్టింది. ఇద్దరు నిద్రపోయారు, ఒకరు గురక.

దేవుడు ఈ ఒక్క వారమన్నా తీరికగా కూర్చున్నాడని రాజేశ్వరమ్మక్క అన్నది. అంటూనే భాగ్యశ్రీగారికి వేరే గిన్నెలో మిరపకాయలు ఏరి పక్కన పెట్టిన పులిహోర సర్దింది. ఆమెకు కడుపులో మంట, కారం పడదు. చూశాను.

సా. 7.20. భాగ్యశ్రీగారు తలుపు తీసి మళ్లీ టీవీ వైపు తిరిగారు. నేను మాట్లాడుతున్నాను. తల తిప్పలేదు. ముందు మిరపకాయల సంగతే చెప్పాలనుకున్నాను. ఒట్టు. కానీ వినాలి కదా. అందుకని హెడ్‌లైన్ వాడాను. మిమ్మల్ని దులిపేసింది అన్నాను.

టీవీ ఆగింది. కుర్చీ దగ్గరికొచ్చింది. టీ వచ్చింది. పక్కన రెండు బిస్కట్లు.

మిరపకాయల దాకా వచ్చేసరికి ఆమె వినడం లేదు. శ్రీరామనవమికి ఆవిడనే చదివించుకోమనండి అన్నారు.

దారిలో అనుకున్నాను. నా గొంతు చిన్నప్పటి నుంచీ ఇంతే. అమ్మా అని మూడుసార్లు పిలిస్తే గాని అమ్మకు వినపడేది కాదు. ‘అన్నది’ అంటే ఎవరూ తలెత్తరు. ‘దులిపేసింది’ అంటే కుర్చీలు జరుగుతాయి. అది కూడా రాయాలి కదా, దీక్ష పుస్తకంలో.

హెడ్‌లైన్ నియమంలో ఉంది కాబట్టి తప్పులు: సున్నా.

మార్చి 23, ఆదివారం

వాడిన హెడ్‌లైన్లు: నాలుగు. రేపటిది, ఎల్లుండిది, ఆవలెల్లుండిది ముందే వాడేశాను. తప్పులు వేరే: మూడు. ముప్పై మూడు ప్రదక్షిణలు బాకీ.

ఉప్పల్ వెళ్లాను. స్టేడియంలో మ్యాచ్. రోడ్లన్నీ మూసేశారు. బస్సు దిగి చుట్టూ తిరిగి నడిచాను. చుట్టు చుట్టే. బాకీలోంచి రెండు కొట్టేశాను.

మార్చి 24, సోమవారం

త్రివేణి పేపర్లో కొత్తది కనిపెట్టాను. సోర్సెస్ సెడ్. ఎవరన్నారో చెప్పక్కర్లేదు, అన్నారంటే చాలు. పైగా అందులో సెడ్ ఉంది! నియమం ఎక్కడా తప్పదు. ఇంగ్లీషువాళ్లు మామూలు తెలివైనవాళ్లు కాదు.

ఈరోజు నమ్మదగినవాళ్లు అన్నట్టుగా అయిదు సంగతులు చెప్పాను. నమ్మదగినవాళ్లు: నేను.

మార్చి 26, బుధవారం

సా. 6.00. గుడిలో కమిటీ బాలరాజు ఎదురొచ్చాడు. పండక్కి మీ మండలి పేర్లు ఇంకా రాలేదేంటి వదినా అని అడిగాడు. ఇంకా తెలియదు అంటే సరిపోయేది. రెండు మాటలు. కాప్రావాళ్ల మెసేజ్ కోసం ఫోన్ చూసుకుంటూ అడిగాడు. నావైపు చూడకుండా అడిగాడు.

మండలి రెండుగా చీలినట్టు వినపడుతోంది అన్నాను.

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మార్చి 27, గురువారం

ఉ. 8.10. గుడి వాట్సాప్ గ్రూపులో బాలరాజు: ‘పారాయణ మండలిలో చీలిక వచ్చినట్టు విశ్వసనీయ సమాచారం. ఆ సమయం కాప్రా కోలాటం బృందానికి కేటాయించడమైనది.’

8.12. కాప్రావాళ్ల దండాలు. నలభై దాకా లెక్కపెట్టాను.

8.30. భాగ్యశ్రీ పెట్టిన మంట అని రాజేశ్వరమ్మక్క ఫోన్.

8.41. రాజేశ్వరమ్మగారే చెప్పారని భాగ్యశ్రీగారి ఫోన్.

9.00. ఇంకో పద్నాలుగు ఫోన్లు. ఎత్తలేదు. ఫోన్ బియ్యం డబ్బాలో పెట్టాను.

ఈరోజు దీక్ష లేదు.

మార్చి 28, శుక్రవారం

పారాయణానికి నలుగురం. నైవేద్యం అరటిపళ్లు. ఎవరి ఇంటికీ గిన్నె తీసుకెళ్లలేదు. నేను వెళ్తానని అనలేదు, వెళ్లమని ఎవరూ అడగలేదు.

మార్చి 29, శనివారం

దీక్ష ఎందుకు ఆగిందంటే:
ఈరోజు అమావాస్య.
రేపు ఉగాది, ఇల్లు దులపాలి. (దులపడం. సరే.)
మోకాళ్లు.
ఇంగ్లీషు మాట మీద దీక్ష పడితే మన దేవుళ్లకు చేరుతుందా అని అనుమానం.

మార్చి 30, ఆదివారం. ఉగాది

గుడిలో పంచాంగం చదివారు. నా రాశికి రాజపూజ్యం ఒకటి, అవమానం ఆరు. అయ్యవారు నావైపు చూడకుండానే చదివారు. అయినా.

రాజేశ్వరమ్మక్క గుడిలో ఎడమవైపు. భాగ్యశ్రీగారు కుడివైపు. పద్దెనిమిదేళ్లుగా ఉగాది పచ్చడి ఒకరి ఇంటిది ఒకరు తిన్నాకే ఇంటికెళ్లేవాళ్లు. ఈసారి ఇద్దరూ ఎవరి డబ్బా వాళ్లు మూత తీయకుండా పట్టుకెళ్లారు.

నేను స్తంభం పక్కన.

ఏప్రిల్ 1, మంగళవారం

త్రివేణిని అడిగాను. మీ పేపర్లో తప్పు పడితే ఏం చేస్తారు? సవరణ వేస్తారట. ఎక్కడ అంటే, లోపలి పేజీలో, మూలకు, చిన్న అక్షరాల్లో. నాకు ఆ పద్ధతి బాగా నచ్చింది. అలాగే చేస్తానన్నాను.

మాటల మీద బతికే పిల్ల, తనకు అన్నీ అర్థమయ్యాయనుకుంటా.

“నీది చదివినోళ్లు ఇద్దరే గదా పెద్దమ్మా. మూలకు ఎందుకు? ఇంటికే పో.”

ఏప్రిల్ 2, బుధవారం

ఉ. 10.30. భాగ్యశ్రీగారి ఇంటికి వెళ్లాను. నాతో రండి అన్నాను. ఎక్కడికో చెప్పలేదు. రాజేశ్వరమ్మక్క గుమ్మం చూశాక వెనక్కి తిరగబోయారు. చెయ్యి పట్టుకున్నాను. నా జన్మలో ఒకరి చెయ్యి అంత గట్టిగా పట్టుకోలేదు.

ఇద్దరినీ కూర్చోబెట్టి ఈ డైరీ తెరిచాను. గొంతు వినపడదని భయపడి లేచి నిలబడి చదివాను. పులుపు కాస్త ముందుకొచ్చిందని ఈమె అన్నది, వెక్కిరించింది అన్నది నేను. దేవుడు ఉరకాలని ఈమె అన్నది, దెప్పింది అన్నది నేను. గదిలో చోటు గురించి అన్నప్పుడు ఈమె ఏడ్చింది, ఆ రోజు చెప్పనిది నేను. మిరపకాయలు ఈమె ఏరింది, దులిపేసింది అన్నది నేను. చీలిక నేను. విశ్వసనీయ సమాచారం నేను.

డైరీ మూశాను.

రాజేశ్వరమ్మక్క నావైపు చూడలేదు. భాగ్యశ్రీగారి వైపు చూసింది. అయిదు వారాల్లో మొదటి మాట.

“పులుపు ఎక్కువైందా?”

“కొంచెమండీ.”

“చింతపండు కొత్తది.”

“అదే అనుకున్నాను.”

అప్పుడు ఇద్దరూ నావైపు తిరిగారు. పద్దెనిమిదేళ్లలో వాళ్లిద్దరూ ఒకేసారి ఒకేలా చూడడం నేను ఎరగను.

“శ్యామలా” అన్నది రాజేశ్వరమ్మక్క, “నువ్వు జర ఇంటికి పో.”

వెళ్లాను. వెనక తలుపు వేసుకుంది. మెట్ల మీద కాసేపు ఆగాను. లోపల నవ్వో ఏడుపో, రెండు గొంతులు. ఏదో తెలియలేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

పదకొండు మందీ వచ్చారు. నిన్న ఇద్దరూ కలిసి బాలరాజు దగ్గరికి వెళ్లారట. అతను రెండు నిమిషాలే నిలబడగలిగాడట. తొమ్మిదింటికి మేము, పదింటికి కాప్రావాళ్లు.

సంతోషం. నిజంగా సంతోషం. నేను పక్కకు వెళ్తే మాటలు ఆగిపోతున్నాయి, అది వేరే.

ఇరుగుపొరుగు ఇళ్లకు గిన్నెలు తీసుకెళ్లే పని, డ్యూటీ నుంచి వచ్చిన దీపకు ఇచ్చారు. నన్ను అడగలేదు.

రా. 7.30. దీప తిరిగొచ్చింది. చెప్పులు విప్పకముందే అడిగాను. రాజేశ్వరమ్మక్క నా గురించి ఏమన్నా అన్నదా?

“‘శ్యామలను చూస్తె గిట్ల చేస్తదని ఎవరన్న అనుకుంటరా’ అన్నది.”

నవ్వుతూ అన్నదా, కోపంగా అన్నదా అని అడిగాను.

“గిన్నెలు సదురుతున్న అత్తమ్మా. చూడలే. అన్నది.”

మళ్లీ అడిగాను. ముఖం సంగతి వదిలెయ్, గొంతు ఎట్లుంది? పెద్దగా అన్నదా, చిన్నగా అన్నదా? భాగ్యశ్రీగారు ఏమైనా కలిపారా?

దీప ఆలోచించింది. నిజాయితీగా ఆలోచించింది. “అన్నది” అని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇంతకంటే నాలుగు తిట్లు మోసుకొచ్చి ఉంటే హాయిగా నిద్రపోయేదాన్ని.

ఏప్రిల్ 5, శనివారం

బాకీ ప్రదక్షిణలు మొదలుపెట్టాను. స్టేడియం చుట్లు చెల్లవని నాకు ముందే తెలుసు. ఇరవై రెండు అయ్యాయి. మోకాళ్లకు నూనె.

ఏప్రిల్ 6, ఆదివారం. శ్రీరామనవమి

పారాయణం జరిగింది. భాగ్యశ్రీగారు ఎప్పటి వేగంతోనే చదివించారు. రాజేశ్వరమ్మక్క పానకం, వడపప్పు, పులిహోర. పులుపు సరిపోయింది. నేను ఆఖరి వరుసలో. నా గొంతు ఎవరికీ వినపడలేదు, దేవుడికి తప్ప.

కాప్రావాళ్లు బాగా ఆడారు. నిజం రాయాలి.

ఏప్రిల్ 7, సోమవారం. మొదటి రోజు

ఉ. 5.30. పూజ అయింది. దీక్ష మళ్లీ మొదటి నుంచి. నలభై ఒక్క రోజులు. హెడ్‌లైన్లు రద్దు. నమ్మదగినవాళ్లు రద్దు. అన్నది, చూసింది, అంతే. ఈసారి తప్పేది లేదు.

6.10. రాజేశ్వరమ్మక్క ఫోన్. ఈ శుక్రవారం పారాయణం వాళ్ల ఇంట్లోనే, నువ్వు గూడ ఉంటవ్ గదా అని అన్నది. ఉంటానక్కా అన్నాను. పెట్టేసింది.

6.15. ఎవరు ఫోన్ అని ఆయన అడిగాడు. రాజేశ్వరమ్మక్క అన్నాను. ఏమన్నది అన్నాడు, పేపరు తిప్పుతూ.

“నేను లేకపోతె పారాయణమే జరగదని ఒక్కతీరుగ బతిమిలాడింది” అన్నాను.

పేపరు మడిచి పక్కన పెట్టాడు. “నిజంగనా? ఇంకేమన్నది?”

చెప్పాను. పదిహేను నిమిషాలు పట్టింది.

6.35. సరే. దీక్ష రేపటి నుంచి.

రేపు మంగళవారం. కొత్త పని మొదలుపెట్టరు. బుధవారం నుంచి.